నూట యాభై మూడు నిమ్మకాయలు

ఆ ఇంట్లో కోడలికి అత్తగారు పెట్టిన పేరు మిల్లీగ్రాము. కాపురానికొచ్చిన వారంలోనే పెట్టేసింది. కారణం లేకపోలేదు. కోడలు పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. పొద్దున ఏడింటికి వెళ్లి మధ్యాహ్నం మూడింటిదాకా జనం నెత్తురులో ఏది ఎంత ఉందో కొలవడమే ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికొచ్చినా వదిలేది కాదు. కాఫీలో పంచదార వేసేటప్పుడు చెంచా మీద కుప్పగా ఉన్నదాన్ని చాకు వీపుతో చదును చేసి మరీ వేసేది. అది చూసి అత్తగారు, "ఏమే, ఒక మిల్లీగ్రాము ఎక్కువైతే మీ మామయ్య కాఫీ తాగనంటారా?" అంది. అంతే, పేరు అతుక్కుపోయింది. ఆరేళ్లు తిరిగేసరికి కట్టుకున్నవాడు కూడా ఫోన్లో ఆ పేరే రాసుకున్నాడు.

అత్తగారి దారి వేరు. ఆవిడ జన్మలో దేన్నీ కొలిచిన మనిషి కాదు. ముప్పై ఏళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన దర్జీ అయ్యుండి కూడా టేపు మెడలో వేసుకునేదేగాని వాడేది కాదట. పిల్లాణ్ణి ఒక్కసారి ఎగాదిగా చూసి కత్తెర పట్టేసేదట. ఇక వంటింట్లో అయితే చెప్పక్కర్లేదు. ఉన్నది ఒకటే కొలత, ఆవిడ పిడికిలి. ఏటా వంద నిమ్మకాయలు ఊరగాయ పెట్టేది. ఉప్పు ఎంతండీ అంటే అయిదు పిడికిళ్లు. ఎవరి పిడికిలండీ అంటే, "నాది కాక పక్కింటావిడదా?" అనేది. ఆ ఊరగాయ ఏడాది తిరిగినా రంగు మారేది కాదు, బూజన్నమాట ఎరగదు. వీధిలో పదిళ్లకి గిన్నెలు వెళ్లేవి. గిన్నె తిరిగివ్వడానికొచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలో నిలబడి, "ఆ చెయ్యే వేరండీ" అని మరీ వెళ్లేవాళ్లు.

ఈ ఏడు ఆ చెయ్యే విరిగింది.

మేడ మీంచి ఆరిన బట్టలు గుండెలకి హత్తుకుని దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుంది, లేదు. కుడి మణికట్టుకి ఆరు వారాల కట్టు. సరిగ్గా ఆ వారమే మామగారు సంచీతో వంద కాయలు తెచ్చి వంటింటి గట్టు మీద కుమ్మరించారు. ఆయన పూర్వాశ్రమంలో సిటీబస్సు డ్రైవరు. రిటైరై ఎన్నేళ్లయినా రూటు మార్చే రకం కాదు. నిమ్మకాయలు తెచ్చే వారం వచ్చిందంటే తేవడమే, ఇంట్లో ఎవరి చెయ్యి విరిగితేనేం, కాలు విరిగితేనేం.

"ఈ ఏటికి లేదు," అంది అత్తగారు కాయల వంక చూసి. "కొట్లో ఒక సీసా కొనుక్కుందాం."

మామగారు చేతిలోని పేపరు దించారు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎప్పుడూ ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని అతని కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటున్నవాడు ఒక బూటుతోనే ఉండిపోయాడు.

"నేను పెడతాను అత్తయ్యా," అంది మిల్లీగ్రాము.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆరేళ్లలో అత్తగారు కోడలికి ఇంటి తాళాలిచ్చింది, బీరువా తాళాలిచ్చింది, ప్రాణంగా చూసుకునే కుట్టుమిషను కూడా ముట్టనిచ్చింది. జాడీ మాత్రం ముట్టనివ్వలేదు. ఊరగాయ పెట్టే రోజు రాగానే ఏదో ఒక వంకతో బయటికి తరిమేసేది. ఒక ఏడు దారం రీళ్లు, ఒక ఏడు మందులు, ఒక ఏడు ఎప్పుడో పోయిన గొడుగు. ఎందుకత్తయ్యా అంటే, "నీది లెక్కల చెయ్యే, ఊరగాయకి పనికిరాదు" అనేది. నవ్వుతూనే అనేది, కాదన్ను. కానీ చంటిపిల్లలు కెవ్వుమనకుండా సూది గుచ్చి నెత్తురు తీసే చెయ్యి కదండీ అది! దానికి వంక పెడితే ఎవరికైనా మనసు చివుక్కుమనదూ? ఆ పిల్లకీ చివుక్కుమంది. ఒక్కసారైనా ఆ వీధిలో ఎవరో ఒకరు "మీ కోడలి చెయ్యీ మంచిదేనండీ" అంటే వినాలని ఆరేళ్లుగా కోరిక.

అత్తగారు కోడలి వంక చూసింది. తర్వాత ఎందుకోగాని మామగారి వంక చూసింది. ఆయన పేపరు మళ్లీ ఎత్తేశారు.

"సరే, పెట్టు," అంది చివరికి. "కుదిరిందా, వచ్చే ఏటినుంచి జాడీ నీది. చెడిందా, ఇక ఈ జన్మలో దాని మూత ముట్టుకోకూడదు. ఇష్టమేనా?"

"ఇష్టమే. ఏదీ, మీ ఎడం చెయ్యి ఇలా ఇవ్వండి."

"దేనికే?"

"ఉప్పు పట్టుకోండి."

డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి అత్తగారి చేత ఏడుసార్లు పిడికిలి పట్టించింది. డెబ్బై రెండు, అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, ఇలా. సగటు డెబ్బై గ్రాములు తేలింది.

"నన్ను కట్టుకున్న మనిషి కూడా ఇంత పరీక్షగా పట్టుకోలేదమ్మా నా చెయ్యి," అని అత్తగారు హాల్లోకి వినపడేలా అంది. పేపరు వెనకాలనుంచి దగ్గు వినిపించింది.

అయిదు డెబ్బైలు మూడొందల యాభై. మిల్లీగ్రాము పుస్తకంలో రాసుకుని దానివంకే చూస్తూ కూర్చుంది. నాలుగు కిలోల కాయలకి మూడొందల యాభై గ్రాముల ఉప్పా? నెల తిరక్కుండా బూజు పడుతుంది. మరి ఆవిడది ఏడాదిపాటు ఎలా నిలుస్తోంది? ఎక్కడో ఏదో తిరకాసుంది.

నిరుటి ఊరగాయ జాడీ అడుగున ఇంకా నాలుగు ముక్కలున్నాయి. శనివారం పొద్దున ఆ ఊట ఒక చెంచాడు చిన్న డబ్బాలో పోసుకుని ల్యాబుకి పట్టుకెళ్లింది. జనం కాస్త పలచబడ్డాక దాన్ని వడకట్టి, ఇరవై రెట్లు నీళ్లు కలిపి, నెత్తురులో ఉప్పు చూసే మిషనుకి అప్పగించింది. పేషెంటు వివరాలు ఇవ్వనిదే ఆ మిషను కదలదు. పేరు: జాడీ. వయసు: ఒకటి. ఆడా, మగా: ఆడ. పరగడుపునేనా: కాదు. మిషను కాసేపు గురగురలాడి నూట ముప్పై నాలుగని కాగితం కక్కింది.

ఆ కాగితం అందుకోబోయేలోపు ల్యాబు పెద్ద డాక్టరు అటుగా వచ్చి తీసేసుకున్నాడు.

"ఎవరమ్మా ఈ జాడీ? ఏడాది పిల్లా? ఒక్క పాయింటు తక్కువుంది. పర్లేదు, ఉప్పు కాస్త సరిగ్గా వెయ్యమని వాళ్లమ్మకి చెప్పు."

"చెప్తాను సార్," అంది మిల్లీగ్రాము. నవ్వాపుకోలేక నేరుగా స్టోరు రూములోకి పోయింది.

అక్కడ దూదిపెట్టెల మధ్య నిలబడి లెక్క కట్టింది. ఇరవైతో హెచ్చవేసి, వంద కాయలకి సరిచూస్తే, నిరుడు ఆ జాడీలో పడ్డ ఉప్పు ఏడొందల నలభై గ్రాములు. అత్తగారు చెప్పింది మూడొందల యాభై. మిగతా మూడొందల తొంభై ఆకాశంలోంచి ఊడిపడిందా? లెక్క రెండుసార్లు చూసింది, మూడుసార్లు చూసింది. నవ్వు ఆగిపోయింది. అత్తగారు అబద్ధం చెప్పింది. పదిన్నర పిడికిళ్లు వేసే మనిషి అయిదని చెప్పింది, ఎందుకు? ఊరగాయ చెడాలని. జాడీ మూత ఈ జన్మలో ముట్టుకోకూడదని. ఆరేళ్లు ఈ ఇంట్లోవాళ్ల చుట్టూ తిరిగానే, నా మీద ఇంత కసి కడుపులో పెట్టుకుందా అని ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపమొచ్చింది. చూపిస్తా అనుకుంది.

ఆదివారం అందరూ ఉండగానే కాయలు కడిగి, తడిలేకుండా తుడిచి, ఎనిమిదేసి ముక్కలు కోసింది. అత్తగారు కుర్చీలో కూర్చుని ఎడంచేత్తో పెత్తనం చేసింది. మూడొందల యాభై గ్రాముల ఉప్పు తూచి జాడీలో వేస్తూ, "అయిదేగా అత్తయ్యా?" అని కావాలనే ఇంకోసారి అడిగింది.

"అయిదే," అంది అత్తగారు గోడవంక చూస్తూ.

మామగారు జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టిపెట్టారు. మూడు రోజులు ఉప్పులో, పసుపులో ఊరాక కారం కలపాలి.

సోమవారం పొద్దున్నే ల్యాబుకి బయల్దేరబోయే ముందు మిల్లీగ్రాము వంటింట్లోకి పిల్లిలా దూరింది. ముడి ఎలా ఉందో ఫోన్లో ఫొటో తీసుకుంది. వాసెన విప్పింది. ముందే తూచి దాచుకున్న మూడొందల తొంభై గ్రాములు వేసి, పొడి గరిటెతో కలిపి, ఫొటో చూసుకుంటూ మళ్లీ అచ్చం అలాగే ముడేసింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే మనసు తేలికపడింది. దొంగతనంలో అంత సుఖముందని ఆ పిల్లకి అప్పటిదాకా తెలీదు.

మంగళవారం సాయంత్రం బట్టలు మిషన్లో వేసేముందు జేబులు తడుముతుంటే మామగారి చొక్కా జేబులో తెల్లటి పలుకులు తగిలాయి. ఇంకేముంది, పంచదార!

"మామయ్యా, ఏంటిది?"

మామగారు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారు. "అదా... అదేనమ్మా... చీమలకి వేద్దామని."

"చీమలకి సుగరు రాదు మామయ్యా, మీకొస్తుంది. ఈ వయసులో దొంగచాటుగా పంచదార తినడమేంటి?"

"తప్పేనమ్మా. ఇక తినను," అని ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. మామూలుగా ఆయన చేత తప్పు ఒప్పించాలంటే ట్రాఫిక్ పోలీసు రావాలి. అయినా మిల్లీగ్రాముకి అనుమానం రాలేదు. తన తలకాయలో తన దొంగతనమే నిండి ఉంటే పక్కవాడి దొంగతనం ఏం కనపడుతుంది? అందుకే బుధవారం అత్తగారి చెయ్యి వేలాడగట్టిన గుడ్డ మీద పసుపు మరక కనపడినా, "నొప్పికి రాసుకున్నానే" అంటే నమ్మేసింది.

పది రోజులు గడిచాయి. మళ్లీ ఆదివారం భోజనాల వేళ జాడీ తెరిచారు. రంగు చూస్తే నోరూరిపోయింది. అందరికీ వేడన్నంలో ఒక్కో ముక్క పడింది. మామగారికి బీపీ ఉంది కాబట్టి అరముక్కే.

మిల్లీగ్రాము ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక మొద్దుబారిపోయింది. ఉప్పు కాదండీ అది, ఉప్పుకి మేనత్త. ఆ ముద్ద మింగుడు పడేలోపు ఆ పిల్లకి అంతా తెలిసిపోయింది. అత్తయ్య చెప్పింది నిజమే, ల్యాబు లెక్కే ఎక్కడో తప్పింది, పెద్దావిణ్ణి అబద్ధాలకోరని అనుకుని చేతులారా ఊరగాయ పాడుచేసుకున్నాను. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. గ్లాసెత్తి గటగటా తాగింది. తాగుతూ చూస్తే అత్తగారు తాగుతోంది, మామగారు తాగుతున్నారు.

"బాగా కుదిరిందే," అంది అత్తగారు మూతి తుడుచుకుంటూ.

"అమోఘం," అన్నారు మామగారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మీ దయవల్ల అత్తయ్యా," అంది మిల్లీగ్రాము.

ఇంతలో కొడుకు ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు తేలేసి, పళ్లెంలోకి తొంగిచూశాడు. "అమ్మా, ఇది నిమ్మకాయా, సముద్రమా?"

"నోర్ముయ్," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"అది కాదే, ఉప్పు..."

"ఉప్పా? ఉప్పేముంది? ఎవరేశారు ఉప్పు?" అని మామగారు గయ్యిమన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. అంతటితో ఊరుకోక, ఏమీ లేదని రుజువు చెయ్యడానికి జాడీలోంచి ఇంకో ముక్క తియ్యబోయారు. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఇంట్లో ఏ తప్పూ చెయ్యనివాడు ఒక్కడే, తిట్లన్నీ వాడికే. పాపం, అప్పుడే ఎక్కడో లిఫ్టు ఆగిందని ఫోనొస్తే బతుకుజీవుడా అని లేచిపోయాడు.

మామగారు హాల్లోకి పోయి పేపరు తెరిచాక మిల్లీగ్రాము వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"అత్తయ్యా, నన్ను తిట్టండి. మీరు అయిదు పిడికిళ్లంటే నేను నమ్మలేదు. నాకు కావాలనే తప్పు చెప్పారనుకున్నాను. సోమవారం మీకు తెలీకుండా ఇంకో మూడొందల తొంభై గ్రాములు వేసేశాను."

అత్తగారు చటుక్కున ఇటు తిరిగింది. "నువ్వు కూడా వేశావా?"

"నేను కూడా ఏంటి? ఇంకెవరేశారు?"

"బుధవారం పొద్దున నేను వేశానే. ఎడంచేత్తో, అయిదు."

"మీరా! వేసేవి అయిదే అన్నారుగా?"

"నేను వేసేవి అయిదే," అంది అత్తగారు హాలువైపు చూసి గొంతు తగ్గించి. "మిగతావి నావి కావు."

స్టూలు మీద కూలబడి చెప్పింది. ఈ ఇంటికొచ్చిన మొదటేడు ఆవిడ పెట్టిన ఊరగాయకి బూజు పట్టిందట. వాళ్ల అత్తగారు ఒక్క మాట అనలేదట, జాడీ మాత్రం పట్టుకెళ్లి వీధిగుమ్మంలో బోర్లించిందట. ఆవిడ రెండు రోజులు గడప దాటలేదు. రెండో ఏడు భయం భయంగా మళ్లీ అయిదు పిడికిళ్లే వేసింది. ఆ ఏడు దివ్యంగా నిలిచింది. ఎలా నిలిచిందో ఆవిడకీ అర్థం కాలేదు. మూడో ఏడు ఊరగాయ పెట్టిన మర్నాడు మొగుడి డ్యూటీ ప్యాంటు ఉతుకుతుంటే కుడి జేబు నిండా ఉప్పు.

"అడగలేదా?"

"అడిగితే మానేస్తారే పిచ్చిదానా! అప్పటినుంచి నేను అయిదు దగ్గర ఆగుతాను. ఆయన ఎప్పుడో మధ్యాహ్నంపూట, నేను కునుకు తీస్తున్నాననుకుని మూడేస్తారు. ఆయన పిడికిలి పెద్దది, స్టీరింగు పట్టిన చెయ్యి కదా. నలభై ఏళ్లు. నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఊరంతా నా చెయ్యి, నా చెయ్యి అంటుంటే ఆయన పేపరు చాటున తనలో తను నవ్వుకుంటారు చూడు, ఆ నవ్వు కోసమే పెడతాను నేను ఊరగాయ."

మిల్లీగ్రాముకి చొక్కా జేబులో తగిలిన పంచదార గుర్తొచ్చింది. చీమలు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది, వెంటనే ఇంకోటి కూడా అర్థమైంది. "అందుకా నన్ను జాడీ దగ్గరికి రానిచ్చేవారు కాదు?"

"మరి? నువ్వొస్తే తూకం వేస్తావు. తూకం వేస్తే ఆయన దొరికిపోతారు. నీ చెయ్యి మంచిది కాదనా? బంగారంలాంటి చెయ్యే అది." అత్తగారు కోడలి మొహంవంక చూడకుండా కట్టు సర్దుకుంది. "ఈసారి నువ్వు కాటా పెట్టుకుని కూర్చున్నావు, ఆయనకి ధైర్యం చాలదనుకున్నా. ఆయన వాటా పడకపోతే నీది బూజు పడుతుంది. ఆ రోజు నేను నిలబడ్డట్టు నువ్వు నిలబడాలా గుమ్మంలో? అందుకని ఆయన బదులు నేనే వేశా."

మిల్లీగ్రాము ఏడ్చేసింది. ఆరేళ్ల కోపం అంతా పోతే లోపల ఎంత ఖాళీ అయిందో ఆ పిల్లకే తెలుసు. అత్తగారి ఎడంచెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏడ్చింది చాలు, మళ్లీ ఆ ఉప్పు కూడా కలుస్తుంది," అంది అత్తగారు. "ఇప్పుడీ సముద్రాన్ని ఏం చెయ్యాలో చెప్పు. లెక్కలదానివి కదా."

పుస్తకం తీసింది. తను మొదట వేసింది మూడొందల యాభై, తర్వాత వేసింది మూడొందల తొంభై. అత్తయ్యవి మూడొందల యాభై, మామయ్యవి మూడొందల తొంభై. సరిగ్గా రెండింతలు. ఇంకో వంద కాయలు ఉప్పు లేకుండా కోసి కలిపేస్తే సరి. ఒక్క నిమిషం పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, హాల్లోకి తల పెట్టింది.

"మామయ్యా, నిమ్మకాయలు కావాలి. నూట యాభై మూడు."

"మూడేంటమ్మా, కొసరా?"

"లెక్క మామయ్యా. ఒక్కటి తగ్గకూడదు."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే తనని ఎక్కడ అడుగుతారోనని చెప్పులేసుకుని పరుగు లాంటి నడకతో వెళ్లిపోయారు. కాయలొచ్చేసరికి అత్తగారు చెప్పిన చోటు వెతికి అటక మీంచి రెండో జాడీ దించింది కోడలు. ఎవరూ వాడనిది, మూత ఇంకా మెరుస్తూనే ఉంది.

"ఇది నీది," అంది అత్తగారు. "నువ్వే తియ్యి మూత."

కోసి, కారం పెట్టి, పాతదీ కొత్తదీ కలిపి రెండు జాడీలకీ సర్దేసరికి సాయంత్రమైంది. అప్పుడు అత్తగారు వేళ్లు ముడుస్తూ లెక్క చూసుకుంది. "ఏమే, వంద చాలన్నావుగా. మరి ఈ యాభై మూడు దేనికి? ఇప్పుడిది చప్పగా అయి చస్తుందేమో!"

మిల్లీగ్రాము హాలువైపు తిరిగి గొంతు పెంచింది. "అత్తయ్యా! నాకెందుకో ఉప్పు కాస్త తక్కువైందనిపిస్తోంది! వచ్చే వారం చూసుకుందాంలెండి!"

హాల్లో పేపరు మడతపెట్టిన చప్పుడైంది.

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుకి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"పదండి అత్తయ్యా, మేడ మీద బట్టలు తెచ్చుకుందాం," అంది మిల్లీగ్రాము, అదీ గట్టిగానే.

"ఆ మెట్లా? మళ్లీ పడితే?"

"చెయ్యి నేను పట్టుకుంటాగా."

ఇద్దరూ కావాలనే మెట్టుకో నిమిషం ఆగుతూ ఎక్కారు. పెద్దాయనవి మూడు పెద్ద పిడికిళ్లు, కాస్త టైం పడుతుంది.